హాట్ రాడ్ ఎగ్జాస్ట్ హెడర్ల పూతలు: చరిత్ర

ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ నుంచి వెలువడే వేడి వాయువులను విడివిడి ఉక్కు గొట్టాల్లో తెచ్చి ఒకచోట కలిపే అమరికను హెడర్లు అంటారు. కార్ల కంపెనీలు ఈ పనికి దళసరి పోత ఇనుప మ్యానిఫోల్డులు వాడేవి. అవి తుప్పు పట్టినా ఏళ్ల తరబడి నిలిచేవి కనుక పూత గురించి పెద్దగా ఆలోచించే అవసరం రాలేదు. 1930లలో దక్షిణ కాలిఫోర్నియా యువకులు పాత ఫోర్డ్ కార్లను వేగం కోసం మార్చి, మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల మీద పరుగెత్తించారు. ఇలా మార్చిన కార్లే హాట్ రాడ్‌లు. 1932లో వచ్చిన ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వి8, 1955లో వచ్చిన షెవ్రొలే చిన్న బ్లాక్ వి8 హాట్ రాడ్ ప్రియులకు ఇష్టమైన ఇంజన్లయ్యాయి. వాటికి బిగించిన హెడర్లు మిల్లీమీటరు నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్ల మందముండే మైల్డ్ స్టీల్ గొట్టాలు. పూత లేకపోతే అవి త్వరగా తుప్పు పట్టిపోతాయి. పైగా బానెట్ తీసేసిన హాట్ రాడ్‌లో హెడర్లు అందరి కళ్లకూ కనబడతాయి. వీటి పూతల చరిత్రను అంతకంతకూ ఎక్కువ వేడిని ఓర్చే పదార్థాల వరుసగా చెప్పడం పరిపాటి. ఆ లెక్క సరికాదు. ఉక్కుతో పాటు సాగి ముడుచుకుంటూ దాన్ని వదలకుండా ఉండగలిగిన పూతే నిలిచింది, డబ్బా మీద రాసిన డిగ్రీలు రెండో మాట.

పింగాణీ ఎనామెల్‌నే చూడండి. గాజు పొడిని ఉక్కు మీద సుమారు 800 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగించి అతికిస్తారు. జాగ్వార్ తన ఎక్స్‌కే ఇంజన్ల పోత ఇనుప మ్యానిఫోల్డులకు ఇదే వేయించింది, అక్కడ అది అందంగా నిలిచింది కూడా. పల్చటి గొట్టం సంగతి వేరు. మీటరు పొడవున్న మైల్డ్ స్టీల్ గొట్టం 600 డిగ్రీలు వేడెక్కితే ఏడు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. ఇంజన్ అదురుకు వంగుతుంది, బోల్టులు బిగించేటప్పుడు పానా తగులుతుంది. ఎనామెల్ పళ్లెం అంచు పెచ్చూడినట్టే ఇక్కడా గాజు లేచిపోతుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. క్రోమ్ ప్లేటింగ్ మెరుపులో సాటిలేనిది. అయితే వేడికి పై పొర ఆక్సైడ్ మందం మారి మొదట పసుపు, ఆ తర్వాత నీలి రంగు తేలుతుంది. గాల్వనైజింగ్ ప్రస్తావన కూడా అనవసరం, అందులో పూసే జింక్ 419 డిగ్రీలకే కరుగుతుంది.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పరిశ్రమగా ఎదిగిన సిలికోన్ రసాయనం హెడర్లకు డబ్బా పెయింట్‌ను ఇచ్చింది. మామూలు పెయింట్‌లోని జిగురు కాలిపోయే వేడిలో సిలికోన్ రెసిన్ సిలికాగా మారి రంగు పొడిని, అల్యూమినియం రేకులను పట్టి ఉంచుతుంది. ఇది చౌక, ఇంట్లోనే వేసుకోవచ్చు. అయినా హెడర్ పెయింట్ మీద వినిపించినన్ని ఫిర్యాదులు మరి దేనిమీదా వినిపించవు. దోషం చాలాసార్లు పెయింట్‌ది కాదు. నూనె జిడ్డు పోకుండా, ఇసుక బ్లాస్టింగ్‌తో గరుకు చేయకుండా వేస్తే పట్టు దొరకదు. సుమారు 120, 200, 315 డిగ్రీల దగ్గర అరగంట చొప్పున, మధ్యలో చల్లార్చుతూ కాల్చాలని తయారీదారులే చెబుతారు. ఆ ఓపిక లేక నేరుగా ఇంజన్ నడిపితే లోపల చిక్కిన ద్రావకం బుడగలై పొర లేస్తుంది. కొత్త క్యామ్‌షాఫ్ట్‌ను కుదురుకునేలా చేసేందుకు ఇంజన్‌ను నిమిషానికి 2000 చుట్ల పైన ఇరవై నిమిషాల పాటు నడిపించే తొలి పరుగు మరీ ప్రమాదం. ఇగ్నిషన్ సమయం కాస్త వెనకబడినా గొట్టాలు ఎర్రబడతాయి. అందుకే అనుభవమున్న మెకానిక్‌లు ఆ పనికి పాత హెడర్లు బిగిస్తారు.

అసలు మలుపు విమాన ఇంజన్ల నుంచి వచ్చింది. జెట్ ఇంజన్ కంప్రెసర్ భాగాల తుప్పు ఆపడానికి అల్యూమినియం పొడిని ఫాస్ఫేట్, క్రోమేట్ బంధకంలో కలిపి కాల్చే పూతకు 1960లలో అమెరికాలో పేటెంట్ లభించింది. తర్వాతి దశాబ్దాల్లో ఈ కుటుంబం పూతలే అల్యూమినియం సెరామిక్ పేరుతో హెడర్లకు చేరాయి. వీటి గొప్పతనం మూడు చోట్ల ఉంది. పొర చాలా పల్చన, కాబట్టి గొట్టంతో పాటు కదులుతుంది. రాళ్లతో దొర్లించి నునుపు చేసినప్పుడు అల్యూమినియం రేణువులు ఒకదానికొకటి తగిలి విద్యుత్తును ప్రసరింపజేస్తాయి, దాంతో గీత పడినచోట ఉక్కుకు బదులు అల్యూమినియమే తినబడుతుంది. గొట్టం లోపలా పూయవచ్చు. ఈ మూడోది అందరూ మరిచే సంగతి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది, చల్లని గొట్టంలో ఆ ఆవిరి చెమ్మగా దిగుతుంది, తుప్పు లోపలి నుంచే తొలుస్తుంది. బయట ఎంత మంచి పెయింట్ వేసినా దీన్ని ఆపలేదు.

అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది గదా, ఇది హెడర్ల మీద ఎలా నిలుస్తుందని అడగవచ్చు. వేడిలో అది ఇనుముతో కలిసి ఇంకా ఎంతో ఎక్కువ వేడికి గాని కరగని సమ్మేళనాలుగా మారుతుంది. పోయేది మెరుపు మాత్రమే, 700 డిగ్రీలు దాటితే వెండి ఛాయ బూడిద రంగుకు తిరుగుతుంది. కనుక టర్బో బండికో, నిత్యం పందెంలో నడిచే బండికో మెరిసే రకం కాక ముదురు రంగు సెరామిక్ రకం సబబు. స్టెయిన్‌లెస్ గొట్టమే కొంటే పూత గొడవే ఉండదన్న వాదనలోనూ బలముంది, తుప్పు వరకైతే అది నిజం. రంగు మాత్రం అక్కడా మారుతుంది, ఖర్చూ ఎక్కువ. గాజునార పట్టీ చుట్టి వేడిని లోపలే ఉంచుదామనేవారు చెమ్మను కూడా ఉక్కుకు అంటిపెట్టి ఉంచుతున్నారు. మైల్డ్ స్టీల్ హెడర్లకు పట్టీ చుడితే గ్యారంటీ చెల్లదని కొందరు తయారీదారులు రాసేది అందుకే.