ఇంటి సర్వర్‌కు నెట్‌వర్క్ కార్డు: ఒక చిన్న తవారీఖ్



మా ఖాలా కొడుకు పోయిన వారం ఫోన్ చేశాడు. "భాయీజాన్, పాత డెస్క్‌టాప్‌ని ఇంటి సర్వర్ చేస్తున్నా. అమ్మీ వాళ్ల హజ్ వీడియోలు, పెళ్లి ఫొటోలు అన్నీ ఒకచోట పెడదామని. బోర్డు మీది నెట్‌వర్క్ పోర్టు పనిచెయ్యట్లేదు. కార్డు ఏది కొనమంటావ్?" అన్నాడు.

వాడికి జవాబు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఆ రెండు ముక్కలు తెలియకే నేను ఒకసారి నుక్సాన్ అయ్యాను. మా దాదా జుమా బయాన్ల క్యాసెట్లు నలభై ఉండేవి. అన్నిటినీ ఓపిగ్గా కంప్యూటర్‌కి ఎక్కించి, రెండో కాపీ సర్వర్‌కి పంపాను. రాత్రి కాపీ పెట్టి పడుకుని, పొద్దున లేచి అయిపోయిందనుకున్నాను. కొత్తగా వేసిన కార్డు మధ్యలో లింకు వదిలేసిందని గమనించలేదు. మూడు వారాలకు డెస్క్‌టాప్ డిస్కు పోయింది. సర్వర్‌లో చూస్తే ముప్పై మూడే ఉన్నాయి. క్యాసెట్లు బూజు పట్టాయని అప్పటికే పారేశాం. ఏడు బయాన్లు, దాదా గొంతుతో సహా పోయాయి. కార్డు మీద పెద్ద కంపెనీ పేరు అచ్చయి ఉంది. తర్వాత తెలిసింది, అది నకిలీదని. లెక్క చూసుకోకపోవడం నా గలతీ. పేరు చూసి భరోసా పెట్టుకోవడం అంతకంటే పెద్ద గలతీ. ఆ తర్వాతే ఈ కార్డుల తవారీఖ్ తవ్వడం మొదలుపెట్టాను.

కథ సముద్రంలో మొదలవుతుంది. హవాయి దీవుల్లో కంప్యూటర్లను కలపడానికి తీగలు వెయ్యడం కష్టం. 1971లో అక్కడి యూనివర్సిటీలో నార్మన్ అబ్రామ్సన్ బృందం రేడియోతో కలిపింది. అలోహానెట్ అన్నారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే మాటలు గుద్దుకుని పాడవుతాయి. అప్పుడు ఇద్దరూ కాసేపు ఆగి, మళ్లీ చెప్పాలి. ఎంతసేపు ఆగాలో ఎవరికి వారు ఇష్టం వచ్చినట్టు ఎంచుకుంటారు కాబట్టి మళ్లీ గుద్దుకునే అవకాశం తగ్గుతుంది. ఇంటినిండా చుట్టాలు చేరిన దావత్‌లో మనం చేసేదీ ఇదే.

కాలిఫోర్నియాలో జిరాక్స్ కంపెనీ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈ ఆలోచన పట్టుకుని, దాన్ని తీగ మీదికి తెచ్చాడు. 1973 మే 22న రాసిన మెమోలో దానికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. ఈథర్ అంటే, వెలుగు ప్రయాణించడానికి విశ్వమంతా నిండి ఉందని ఒకప్పుడు అనుకున్న పదార్థం. అరబీలో అథీర్ అంటారు. గ్రీకు మాటే అరబీలోకీ వచ్చింది, ఇంగ్లిష్‌లోకీ పోయింది. డేవిడ్ బాగ్స్ దానికి హార్డ్‌వేర్ కట్టాడు. మొదటి వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. ఈ రోజు ఇంట్లో ఫోన్‌కి ఇంత వేగమే వస్తే మన పిల్లలు గోల చేస్తారు.

1980లో డిజిటల్, ఇంటెల్, జిరాక్స్ మూడూ కలిసి ఈ పద్ధతిని అందరికీ తెలిసేలా కాగితం మీద పెట్టాయి. 1983లో అది 802.3 అనే ప్రమాణంగా నిలబడింది. నాకు ఇది ఊళ్లో తవ్విన వక్ఫ్ బావిలా కనిపిస్తుంది. తవ్వించినవాళ్లకీ అందులో ఫాయిదా ఉంది, కాదనను. కానీ నీళ్లు తోడుకోవడానికి ఎవరి ఇజాజత్ అడగక్కర్లేదు. 1985లో ఐబీఎం తన టోకెన్ రింగ్ తెచ్చింది. పద్ధతి ప్రకారం చూస్తే అదే క్రమశిక్షణ గలది, వంతు వచ్చినవాడే మాట్లాడాలి. అయినా ఓడిపోయింది. ఈథర్‌నెట్ కార్డులు పదిమంది చేసేవాళ్లు, పోటీలో ధర దిగేది. టోకెన్ రింగ్ మెహంగా ఉండిపోయింది.

మెట్‌కాఫ్ 1979లో జిరాక్స్ వదిలి 3కామ్ కంపెనీ పెట్టాడు. 1982లో ఐబీఎం పీసీకి ఈథర్‌లింక్ కార్డు తెచ్చాడు. ధర వందల డాలర్లలో ఉండేది. ఆఫీసులకే గానీ ఇళ్లకు కాదు.

నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇక్కడుంది. నావెల్ అనే కంపెనీ నెట్‌వేర్ సాఫ్ట్‌వేర్ అమ్మేది. కార్డులు సస్తాగా దొరికితేనే సాఫ్ట్‌వేర్ అమ్ముడవుతుంది కదా! అందుకని ఎన్‌ఈ 1000, ఎన్‌ఈ 2000 అనే కార్డులు తెచ్చింది. వాటి గుండె నేషనల్ సెమీకండక్టర్ వారి డీపీ 8390 చిప్. ఆ చిప్ ఎలా పనిచేస్తుందో కాగితాల్లో దొరికేది. ఇంకేముంది, ఎన్నో కంపెనీలు అదే నమూనాతో కార్డులు చేశాయి. డబ్బా మీద "ఎన్‌ఈ 2000 కంపాటిబుల్" అని ఉంటే చాలు, ఏ కంప్యూటర్‌లోనైనా నడిచేది. హకీకత్ చెప్పాలంటే అది గొప్ప కార్డు కాదు. ప్రతి డేటా ముక్కనూ ప్రాసెసరే స్వయంగా మోసుకురావాలి, ఇంటి యజమానే కూలి పని చేసినట్టు. కానీ దాని జబాన్ అందరికీ తెలుసు. అదే దాని బలం.

జబాన్ అన్నాను కాబట్టి డ్రైవర్ గురించి చెప్పాలి. కార్డుకూ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ మధ్య తర్జుమాన్ డ్రైవర్. తర్జుమాన్ సరిగా లేకపోతే ఆలిమ్ మాట కూడా అపార్థమే. లినక్స్ తొలి రోజుల్లో డొనాల్డ్ బెకర్ కార్డు తర్వాత కార్డుకు డ్రైవర్లు రాసి, అందరికీ పంచాడు. 1994లో నాసా గొడ్డార్డ్ కేంద్రంలో అతనూ థామస్ స్టెర్లింగూ మామూలు ప్రాసెసర్లు 16 తీసుకుని, మామూలు ఈథర్‌నెట్‌తో కలిపి బేవుల్ఫ్ అనే సూపర్ కంప్యూటర్ కట్టారు. బజారు సరుకుతో అంత పని జరిగిందంటే సగం ఘనత ఆ డ్రైవర్లదే.

తర్వాత తైవాన్ కంపెనీ రియల్‌టెక్ వచ్చింది. దాని ఆర్‌టీఎల్ 8139 చిప్ 100 మెగాబిట్ల కార్డును దాదాపు అందరికీ అందే ధరకు దించింది. మన దగ్గర విడిభాగాలు కొని కంప్యూటర్ బిగించుకున్న పాతవాళ్లను అడగండి, ఆ అంకె గుర్తుంటుంది. ఫ్రీబీఎస్‌డీకి దాని డ్రైవర్ రాసిన బిల్ పాల్, ఇంత నాసిరకం డిజైన్ ఏమిటని కోడ్‌లోనే తిట్టిపోశాడు. డేటాను ఒకచోటి నుంచి ఇంకోచోటికి అనవసరంగా కాపీ చేయించేది. తిడుతూనే డ్రైవర్ మాత్రం శ్రద్ధగా రాశాడు. అది లక్షల ఇళ్లలో నడిచింది. ఆ చిప్ వల్ల "రియల్‌టెక్ అంటే సస్తా, ఇంటెల్ అంటే అసలీ" అనే మాట స్థిరపడిపోయింది.

ఒక జమానాలో అది నిజమే. 1999లో మామూలు రాగి తీగ మీద గిగాబిట్ ప్రమాణం వచ్చాక ఇంటెల్ కార్డులు సర్వర్లలో మంచి పేరు తెచ్చుకున్నాయి. అప్పటి పాత పీసీఐ స్లాటు సెకనుకు 133 మెగాబైట్లే మొయ్యగలదు, అదీ డిస్కుతో కలిపి పంచుకోవాలి. గిగాబిట్ కార్డుకు ఒక్క వైపే 125 కావాలి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ వచ్చాక ఆ తంగీ తీరింది. కానీ పేరు శాశ్వతం కాదు. 2.5 గిగాబిట్లకు ఇంటెల్ తెచ్చిన ఐ225 చిప్ మొదటి విడతల్లో కమీ బయటపడింది. ప్యాకెట్‌కూ ప్యాకెట్‌కూ మధ్య ఉండాల్సిన విరామం సరిగా పాటించక, కొన్ని స్విచ్‌లతో డేటా జారిపోయేది. కొంతకాలం దాన్ని 1 గిగాబిట్‌కు తగ్గించి నడుపుకోవలసి వచ్చింది. తర్వాతి విడతల్లో సరిచేశారు. అదే సమయంలో రియల్‌టెక్ 8125 చిప్ లినక్స్‌లో సబర్‌గా పనిచేసుకుపోయింది. అదే చిప్‌కు ఫ్రీబీఎస్‌డీలో మాత్రం డ్రైవర్ విడిగా వేసుకోవాల్సి వచ్చింది.

మన పెద్దలు రివాయత్ వినగానే ఇస్నాద్ అడిగేవారు. ఎవరు చెప్పారు, వాళ్లకు ఎవరు చెప్పారు అని. కార్డు చాలా చిన్న వస్తువు, పోలికలో నా బేఅదబీ ఏమైనా ఉంటే మాఫ్ చేయండి. కానీ కార్డుకూ అదే అడగాలి. పైన ఎవరి స్టిక్కర్ ఉందన్నది కాదు, లోపల ఏ చిప్, ఏ విడత, నువ్వు వెయ్యబోయే సిస్టమ్‌లో దానికి డ్రైవర్ ముందే ఉందా, ఎవరు అమ్ముతున్నారు? కొత్త ధరలో పావు వంతుకే "సర్వర్ కార్డు" వస్తుంటే అనుమానపడాలి. ఎక్కువగా నకలు చేసేది పేరున్న కార్డులనే.

మా తమ్ముడికి మాత్రం హిసాబ్ చెప్పాను. గిగాబిట్ మీద నిజంగా సెకనుకు 110 మెగాబైట్ల దాకా వస్తాయి. 100 గిగాబైట్ల వీడియోలు పావుగంటలో వెళ్తాయి. పాత 100 మెగాబిట్ కార్డుతో రెండున్నర గంటలు. ఇంట్లో రౌటర్ గిగాబిట్‌దే అయితే 2.5 కార్డు వేసినా వేగం గిగాబిట్ దగ్గరే ఆగుతుంది. పాత సర్వర్ల నుంచి తీసిన 10 గిగాబిట్ కార్డులు సస్తాగా దొరుకుతాయి గానీ, వాటికి పొడుగు స్లాటు కావాలి, సర్వర్ ఫ్యాన్ల గాలి కావాలి. ఇంటి డబ్బాలో కాగిపోతాయి.

వాడు సర్వర్‌లో లినక్స్ వేస్తున్నాడు. చిన్న స్లాటులో పట్టే మామూలు గిగాబిట్ రియల్‌టెక్ కార్డు చాలన్నాను. కాపీ అయ్యాక రెండు చోట్లా ఫైళ్లు లెక్కపెట్టి, చెక్‌సమ్ కూడా చూడమన్నాను. నిన్న రాత్రి మెసేజ్ పెట్టాడు. ఖాలా హజ్ వీడియోలు 212 ఇక్కడ, 212 అక్కడ. మా దాదా బయాన్లు ముప్పై మూడూ వాడి సర్వర్‌లో ఒక కాపీ ఉంచమని పంపుతున్నాను.