కనబడని జబ్బుకి పింఛను ఎలాగొచ్చింది

మన సమాఖ్య సమావేశాల్లో పింఛన్ల మాట వచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న లేస్తుంది. "కాలు లేనోళ్లకి ఇస్తారు, చూపు లేనోళ్లకి ఇస్తారు, సరే. లోపల కిడ్నీ పోయినోళ్లకి ఎందుకివ్వరు?" ఇప్పుడు ఇస్తున్నారు. కాని అది ఎప్పుడు మొదలైంది, ఎవరికి ఏ లెక్కన వస్తుంది అన్నది చాలామంది సభ్యులకి తెలియదు. తెలియకపోవడం వల్ల రావాల్సినవాళ్లకి కూడా నెలలు, ఏళ్లు ఆలస్యమవుతోంది. అందుకని ఈ ఏడు నివేదికలో అప్పులు, పొదుపుల లెక్కలతోపాటు ఈ సంగతి కూడా రాస్తున్నాం.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు. ఈ మండలాల తీర ప్రాంతాన్ని మనం ఉద్దానం అంటాం. ఉద్యానం అన్న మాటే జనం నోట్లో నలిగి అలాగయింది. కొబ్బరి, జీడి, పనస తోటలతో జిల్లాలో ఇంత పచ్చగా ఉండే చోటు ఇంకొకటి లేదు. ఇక్కడే కిడ్నీ జబ్బు పాతుకుంది. సుగర్ లేదు, బీపీ లేదు, అయినా కిడ్నీ తగ్గిపోతుంది. మొదట్లో నొప్పీ ఉండదు. ఆకలి మందగించడం, నీరసం, కాళ్లు పొంగడం కనబడేసరికి సగానికి పైగా పని ఆగిపోయి ఉంటుంది. 1990ల నుంచే స్థానిక డాక్టర్లు ఇది మామూలు జబ్బు కాదని గమనించారు. విశాఖ కేజీహెచ్‌లో పనిచేసిన కిడ్నీ డాక్టరు రవిరాజు గారి లాంటివాళ్లు ఊళ్లకొచ్చి రక్తం, మూత్రం పరీక్షలు చేశారు. 2019లో అచ్చయిన ఒక సర్వేలో, ఉద్దానంలో పెద్దవాళ్లలో వందకి దాదాపు 18 మందికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. నీళ్ల వల్లనా, ఎండలో పని వల్లనా, పురుగుమందుల వల్లనా, నొప్పి బిళ్లల వల్లనా అన్నది మాత్రం ఈ రోజుకీ తేలలేదు.

జబ్బు కంటే ఆలస్యంగా నడిచింది దాని గుర్తింపు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్నవి ఏడు రకాల లోపాలే. చూపు, వినికిడి, కాళ్లు చేతులు, మానసిక లోపాలు, నయమైన కుష్ఠు, ఇలాంటివి. మన రాష్ట్రంలో సదరం శిబిరాలు వచ్చాక శాతం లెక్క కచ్చితమైంది. 40 శాతం, ఆపైన ఉంటేనే పింఛను. కిడ్నీ పోయిన మనిషి తన కాళ్ల మీద తానే నడిచి శిబిరానికి వెళ్తుంది. కళ్లు బాగున్నాయి, చెవులు బాగున్నాయి. శాతం వేయడానికి కాగితంలో గడి లేదు. డాక్టరు రాయకపోతే అది ఆయన కాఠిన్యం కాదు, చట్టం అలాగుంది. కాని ఒక రోజు కూలి, బస్సు చార్జీ పోగొట్టుకుని ఉత్త చేతులతో తిరిగొచ్చిన మనిషికి ఆ సంగతి ఎవరూ విడమర్చి చెప్పలేదు.

2016లో కొత్త చట్టం వచ్చింది. ఏడు రకాలు 21 అయ్యాయి. తలసేమియా, హీమోఫిలియా, సికిల్ సెల్ అనే రక్తం జబ్బులు అందులో చేరాయి. సీతంపేట, గుమ్మలక్ష్మీపురం ఏజెన్సీ అక్కచెల్లెళ్లకి సికిల్ సెల్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. బయటికి కనబడని జబ్బు కూడా వైకల్యమే అని దేశం ఒప్పుకున్నట్టయింది. ఆ 21లో కిడ్నీ మాత్రం లేదు. కాబట్టి కిడ్నీ జబ్బు ఒక్కటే ఉన్నవాళ్లు సదరం సర్టిఫికెట్ కోసం తిరిగితే ఫలితం ఉండదు. వాళ్ల దారి వేరు. ఆ దారి ఉద్దానం ఊళ్లు వేయించుకున్నది.

2000లో వెలుగు ప్రాజెక్టు మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు తొలి విడత మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. ఆరోగ్యశ్రీ వల్ల వైద్యానికి డబ్బు అక్కర్లేకపోయింది. కాని డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. సోంపేట నుంచి విశాఖ పోవాలంటే రెండు వందల కిలోమీటర్లు. రోగితో తోడు ఒకరు. ఇద్దరి కూలీ పోతుంది, చార్జీలూ, తిండీ ఇంటి మీదే. వైద్యం ఉచితమైనా అప్పు పెరగడం మన సంఘాల పుస్తకాల్లోనే కనబడేది. ఒక సభ్యురాలి వాయిదా మిగతా తొమ్మిది మందీ వేసుకుని కట్టిన నెలలు మాకు గుర్తే.

2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చి రోగులతో మాట్లాడాక ఈ మాట రాష్ట్రమంతా వినబడింది. అప్పటి ప్రభుత్వం సోంపేట, పలాస వంటి చోట్ల డయాలసిస్ కేంద్రాలు పెట్టింది, డయాలసిస్ చేయించుకునేవాళ్లకి నెలకి 2,500 రూపాయల పింఛను ఇచ్చింది. 2019లో ప్రభుత్వం మారాక అది 10,000 అయింది. తర్వాత డయాలసిస్ దాకా రాని ముదిరిన జబ్బుకి 5,000 ఇచ్చారు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. హిరమండలం నుంచి వంశధార నీళ్లు కూడా అప్పుడే వచ్చాయి. 2024లో మళ్లీ ప్రభుత్వం మారింది, ఆ 5,000 కూడా 10,000 అయింది. ఎవరిచ్చారన్న తగువు మన సమావేశాల్లో వద్దు. మూడు ప్రభుత్వాలూ ఇచ్చాయి. అడిగింది మాత్రం ఊళ్లు.

ఇక మనకి ముఖ్యమైన చోటుకి వద్దాం. డయాలసిస్ లేనివాళ్లకి 2024 జాబితాలో మూడు వేర్వేరు పద్దులు రాశారు. రక్తంలో క్రియాటినిన్ 5 దాటడం ఒకటి. జీఎఫ్‌ఆర్ 15 కంటే తగ్గడం ఒకటి. స్కానింగులో కిడ్నీలు కుంచించుకుపోయినట్టు తేలడం ఒకటి. ఊళ్లో మాత్రం "ఐదు దాటితే పింఛను" అన్న ఒక్క మాటే ప్రచారంలో ఉంది. ఈ మాట ఆడవాళ్లకి నష్టం చేస్తోంది.

ఎలాగంటే, క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే మురికి. కండ ఎక్కువున్న మగవాడిలో ఎక్కువ పుడుతుంది, సన్నగా ఉన్న ఆడమనిషిలో తక్కువ పుడుతుంది. ఇద్దరి కిడ్నీలూ ఒకే మాదిరిగా పాడైనా ఆడమనిషి రిపోర్టులో అంకె చిన్నదిగా ఉంటుంది. జీఎఫ్‌ఆర్ అంటే కిడ్నీ నిమిషానికి ఎంత రక్తం వడగడుతుందో చెప్పే లెక్క. వయసు, ఆడా మగా అన్నది కలిపి కడతారు. డాక్టర్లు ఇప్పుడు వాడే సూత్రం ప్రకారం 50 ఏళ్ల మగవాడికి క్రియాటినిన్ 4.5 దాటితే జీఎఫ్‌ఆర్ 15 కిందికి వస్తుంది. అదే వయసు ఆడమనిషికి 3.6 దగ్గరే వచ్చేస్తుంది. అంటే మూడున్నర, నాలుగు అంకెతో "ఇంకా ఐదు రాలేదు కదా" అని ఇంటి దగ్గర కూర్చున్న అక్కలో కొందరు ఇప్పటికే రెండో పద్దులో ఉన్నారు! వాళ్ల రిపోర్టు మీద జీఎఫ్‌ఆర్ అంకె వేయలేదంతే. ల్యాబులో అడిగితే అదే రక్తంతో లెక్క కట్టి రాస్తారు, వేరే సూది అక్కర్లేదు. స్కానింగు కాగితం మీద కిడ్నీ పొడవు ఉంటుంది, అది కూడా చూసుకోవాలి. మామూలు కిడ్నీ 10 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది.

డయాలసిస్ అయిన వెంటనే రక్తం ఇస్తే అంకె తగ్గి కనబడుతుంది. అది జబ్బు తగ్గడం కాదు, మిషను కడిగింది. మిషను ఎక్కకముందే ఇవ్వాలి. 2025లో ఆరోగ్య పింఛన్లు, వికలాంగుల పింఛన్లు మళ్లీ పరిశీలించడం మొదలుపెట్టారు కాబట్టి పాత రిపోర్టులు ఏవీ పారేయొద్దు. పొయ్యిలోకి పోయిన కాగితం తిరిగి రాదు.

ఇదే రకం జబ్బు శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, సముద్రాల అవతల నికరాగ్వా చెరకు తోటల్లో కూడా ఉంది. నికరాగ్వాలో చెరకు కూలీలు పోరాడితే 2004లో చట్టం మార్చి దీన్ని పని వల్ల వచ్చే జబ్బుల్లో చేర్చారు. అక్కడ అది కూలీ హక్కు, ఇక్కడ పింఛను. ఏది మేలో అనడం తేలిక కాదు. కారణం తేలేదాకా ఆగకుండా ఇక్కడ డబ్బు చేతికందింది. కాని పింఛను ముదిరినవాళ్లకే.

మూడో దశలో ఉన్నవాళ్ల సంగతి అలాగే ఉంది. జీఎఫ్‌ఆర్ 30కీ 60కీ మధ్య. పలాస జీడి బట్టీల్లో రోజంతా కూర్చుని పప్పు ఒలిచే ఆడవాళ్లు, ఉపాధి పనిలో మట్టి మోసేవాళ్లు ఈ దశలో నీరసంతో వారానికి నాలుగు రోజులే పనికి పోగలుగుతారు. మందులు, తిండి జాగ్రత్త, నొప్పి బిళ్లలు మానడంతో జబ్బు నెమ్మదించే దశ కూడా ఇదే. కడుపుకీ మందుకీ డబ్బు కావాల్సిందీ ఇప్పుడే. వీళ్లకి సదరంలోనూ చోటు లేదు, ఈ మూడు పద్దుల్లోనూ లేదు. ఈ ఏడు నుంచి ప్రతి గ్రామ సమాఖ్య పుస్తకంలో వీళ్ల పేర్లు, ఆరు నెలలకొకసారి క్రియాటినిన్, జీఎఫ్‌ఆర్ అంకెలు రాసే పని పెట్టుకున్నాం. అంకె 15 కిందికి జారిన నెలలోనే దరఖాస్తు సచివాలయానికి వెళ్తుంది.