వేడితో మంచు జాడ తీసిన కథ

చలి ఎంత ముదిరితే విమానానికి మంచు ముప్పు అంత ఎక్కువని చాలామంది అనుకుంటారు. కానీ మైనస్ 40 డిగ్రీల చలిలో మేఘమంతా మంచు పలుకులే. అవి రెక్కకు తగిలి ఎగిరిపోతాయి, చాలావరకు అంటుకోవు. భయపడాల్సింది సున్నాకీ మైనస్ 20కీ మధ్యనుండే మేఘాన్ని చూసి. అందులోని నీటి బిందువులు గడ్డకట్టాల్సినంత చలిలో కూడా ఇంకా నీళ్లుగానే ఉంటాయి. రెక్క అంచు తగలడమే ఆలస్యం, అక్కడికక్కడే గడ్డకట్టి పట్టుకుంటాయి. బయట మైనస్ 8 ఉందని థర్మామీటరు చూపినప్పుడు గాలి పొడిగా ఉంటే ఏ చిక్కూ లేదు. తడిగా ఉంటే కొద్ది నిమిషాల్లోనే రెక్క ఆకారం చెడి, విమానాన్ని పైకి లేపే శక్తి తగ్గిపోతుంది. రెండు సందర్భాల్లోనూ థర్మామీటరులో అంకె ఒకటే. ఈ తేడాను పసిగట్టడానికి మనిషి కనిపెట్టిన ఉపాయాల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి వేడిని కొలిచి మంచును కనిపెట్టేవి. వాటి వేళ్లు విమానం కంటే చాలా పాతవి.

1721లో డేనియల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్ గాలి తీసేసిన గాజు బుడ్డిలో వాననీరు నింపి, మూతి మూసి, రాత్రంతా చలిలో ఉంచాడు. బయట 15 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే సుమారు మైనస్ 9 సెల్సియస్. తెల్లవారి చూస్తే నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. బుడ్డి మొన విరగ్గొట్టగానే లోపలంతా మంచు రేకులు పరుచుకున్నాయి. అందులో థర్మామీటరు పెడితే 32 డిగ్రీలు, సరిగ్గా మంచు కరిగే ఉష్ణోగ్రత, చూపింది. గడ్డకడుతున్న నీరు చల్లబడాల్సింది పోయి వేడెక్కింది! ఆ వేడి ఎక్కడి నుంచి వచ్చిందో ఆయన తేల్చలేదు.

తేల్చినవాడు గ్లాస్గోలోని జోసెఫ్ బ్లాక్. 1761 ప్రాంతంలో ఆయన చేసిన ప్రయోగంలో పరికరాలంటూ దాదాపు ఏమీ లేవు. 47 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న ఒక పెద్ద హాలులో ఒకే రకం గాజు పాత్రలు రెండు వేలాడదీశాడు. ఒకదానిలో 33 డిగ్రీల నీళ్లు, రెండోదానిలో అప్పుడే కరగడానికి సిద్ధంగా ఉన్న మంచు. నీళ్లు అరగంటలో 40 డిగ్రీలకు చేరాయి. మంచు కరిగి అదే 40కి చేరడానికి పదిన్నర గంటలు పట్టింది. గాలి నుంచి రెండు పాత్రలూ ఒకే రీతిన వేడి తీసుకుంటున్నాయి కదా, ఆ పది గంటల వేడి ఏమైనట్టు? థర్మామీటరుకు చిక్కకుండా మంచును నీటిగా మార్చడానికే ఖర్చయిపోయింది. బ్లాక్ దానికి పెట్టిన పేరునే మన పాఠ్యపుస్తకాలు గుప్తోష్ణం అంటాయి. గ్రాముకు 80 కేలరీలు. మంచు కరగాలంటే అంత వేడి ఇవ్వాలి, నీరు గడ్డకడితే అంతా బయటికి వస్తుంది. మంచును కనిపెట్టే థర్మల్ పద్ధతులన్నిటికీ ఆ హాలే పుట్టిల్లని నేను నమ్ముతాను.

తరవాత ఒకటిన్నర శతాబ్దం పాటు ఈ జ్ఞానంతో ఆకాశంలో పని పడలేదు. 1920ల్లో అమెరికా తపాలా విమానాలు రాత్రనక పగలనక మేఘాల్లో ఎగరడం మొదలుపెట్టాక పడింది. మొదట వచ్చిన పరిష్కారం రబ్బరు తొడుగు. విలియం గియర్ అనే రసాయన శాస్త్రవేత్త రూపకల్పనతో గుడ్‌రిచ్ కంపెనీ తయారుచేసింది. రెక్క అంచుకు తొడిగిన రబ్బరులోకి గాలి కొడితే అది ఉబ్బుతుంది, పైన పేరుకున్న మంచు పగిలి ఊడిపోతుంది. చిన్న విమానాల్లో ఇప్పటికీ ఇదే వాడుక. అయితే మంచు పేరుకున్నాక దులపడం ఒక పని, అసలు పేరుకోనివ్వకపోవడం మరో పని. ఆ రెండోదానికి వేడే కావాలి. ఇంజన్ పొగ వేడిని రెక్కకు మళ్లించవచ్చని నాకా అనే అమెరికా ప్రభుత్వ సంస్థలో థియొడోర్‌సెన్, క్లే 1931లో లెక్కలు కట్టి చూపారు. దాన్ని ఆచరణలోకి తెచ్చినవాడు అదే సంస్థకు చెందిన లూయిస్ రోడర్ట్. పొగతో గాలిని వేడిచేసి, రెండు పొరలుగా కట్టిన రెక్క అంచులోకి పంపాడు. కావాలని మంచు మేఘాలు వెతుక్కుంటూ వెళ్లి, సి-46 వంటి విమానాల్లో పరీక్షించారు. 1946కు గాను అమెరికా విమానయానంలో అత్యున్నతమైన కోలియర్ ట్రోఫీ రోడర్ట్‌కు దక్కింది.

అది ఎంత అవసరమో తెలియాలంటే మన అస్సాం వైపు చూడాలి. 1942 నుంచి 1945 దాకా అక్కడి నుంచి హిమాలయాల తూర్పు కొసల మీదుగా చైనాలోని కున్మింగ్‌కు యుద్ధ సామగ్రి మోసిన దారిని పైలట్లు హంప్ అనేవారు. ఆ దారిలో విమానాలను కూల్చినవాటిలో శత్రువుతో పాటు తుపాను గాలులూ, రెక్కల మీది మంచూ ఉన్నాయి. ఉష్ణదేశం కదా, మనకు మంచేమిటి అనుకోనక్కర్లేదు. వర్షాకాలంలో దక్కన్ మీద కూడా సుమారు 5 కిలోమీటర్లు పైకి వెళ్తే సున్నా డిగ్రీలు వచ్చేస్తాయి, ఆపైన మేఘంలో ఈ గడ్డకట్టని నీళ్లే. 2009లో పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ వారు కేపెక్స్ పరిశోధన కోసం పరికరాలు బిగించిన విమానంతో హైదరాబాద్ నుంచి కూడా ఎగిరి ఇలాంటి మేఘాల్లోకి వెళ్లారు.

యుద్ధం ముగిశాక లెక్క పద్దులు మొదలయ్యాయి. 1951లో ఫ్రాంక్ లడ్లమ్, 1953లో బెర్నార్డ్ మెసింజర్ మంచు పట్టే ఉపరితలానికి వేడి జమా ఖర్చు రాశారు. బిందువు గడ్డకడితే గ్రాముకు 80 కేలరీల జమ. గాలి ఎత్తుకుపోయేది ఖర్చు. నీళ్లు మరీ ఎక్కువగా వచ్చి పడితే వెలువడిన వేడినంతా గాలి మోసుకుపోలేదు, దాంతో కొంత నీరు గడ్డకట్టకుండానే వెనక్కి పారుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుకోకపోతే ప్రమాదం అర్థం కాదు. 1994 అక్టోబర్ 31న అమెరికాలో ఇండియానా రాష్ట్రం రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్-72 కూలి 68 మంది చనిపోయారు. పెద్ద బిందువుల తడి రబ్బరు తొడుగు దాటి, రక్షణ లేని చోట మంచుగా నిలిచింది. వేడి పద్దులో లడ్లమ్ చూపిన ఆ మిగులు నీరే అది.

ఇక పసిగట్టే పరికరాల సంగతి. చాలా విమానాల ముందు భాగంలో చిటికెన వేలంత కడ్డీ ఒకటి బయటికి పొడుచుకొని ఉంటుంది. సెకనుకు 40,000 సార్లు కంపిస్తుంది. అర మిల్లీమీటరు మంచు పట్టగానే ఆ వేగం కొంచెం తగ్గుతుంది, కాక్‌పిట్‌లో దీపం వెలుగుతుంది, వెంటనే కడ్డీలోని హీటర్ ఆ మంచును కరిగించి మళ్లీ సిద్ధం చేస్తుంది. ఎన్నిసార్లు కరిగించాల్సి వస్తోందో చూస్తే మంచు ఎంత జోరుగా పడుతోందో తెలుస్తుంది.

పూర్తిగా వేడి మీదే నడిచేది వేడి తీగ. పెనం మీద నీళ్లు చిలకరిస్తే పెనం చల్లబడినట్టే ఇదీ. సన్నని తీగను కరెంటుతో ఒకే ఉష్ణోగ్రత దగ్గర నిలబెడతారు. పొడి గాలి ఎంత వేడి ఎత్తుకుపోతుందో విమానం వేగాన్ని బట్టి, బయటి ఉష్ణోగ్రతను బట్టి లెక్క కట్టవచ్చు. దాని మీద ఇంకా ఎంత కరెంటు అదనంగా లాగిందో అది నీటి బిందువులను ఆవిరి చేయడానికి పోయినది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో వారెన్ కింగ్ బృందం 1978లో ప్రకటించిన ఈ రకం ప్రోబ్ మేఘ పరిశోధకులకు నమ్మకమైన తోడయింది. నీరు కంటికి కనిపించనక్కర్లేదు, కరెంటు బిల్లే సాక్ష్యం.

కానీ కొలిచే గొట్టాలకే మంచు పడితే? 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా 90 విమానం బయలుదేరింది. మంచు కురుస్తోంది. చెక్‌లిస్టులో ఇంజన్ మంచు నివారణ అన్న మాట రాగానే కెప్టెన్ ఆఫ్ అన్నాడు. దాంతో ఇంజన్ బలాన్ని కొలిచే ముందరి గొట్టం మంచుతో మూసుకుపోయి, అసలు బలం 1.70 ఉంటే మీటరు 2.04 చూపింది. అది సరిగా లేదని కో-పైలట్ మళ్లీ మళ్లీ అన్నాడు. విమానం పొటోమాక్ మీది వంతెనకు కొట్టుకొని నదిలో పడింది. 78 మంది చనిపోయారు, వారిలో నలుగురు వంతెన మీదివారు. ఆ ఒక్క స్విచ్ వేసి ఉంటే గొట్టం వేడెక్కేది. ఆ దుర్ఘటన గురించి చదివిన ప్రతిసారీ ఆ కో-పైలట్ మాటలే నన్ను కలచివేస్తాయి.

నేల మీద ఫారెన్‌హీట్ బుడ్డి ఇప్పుడు రోడ్డులోకి చేరింది. చలి దేశాల్లో రహదారి ఉపరితలానికి సమానంగా పాతిన కొన్ని సెన్సర్లు తమ పైనున్న తడిని కొద్దిగా చల్లబరుస్తాయి. ఆ తడి గడ్డకట్టిన క్షణాన ఉష్ణోగ్రత గభాలున పైకి లేస్తుంది. ఆ పెరుగుదలను బట్టి, ఉప్పు చల్లిన ఆ నీరు ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడుతుందో తెలుస్తుంది. చుట్టూ ఉన్న రోడ్డు ఇంకా ఆ చలికి చేరకముందే ఉప్పు లారీని పంపవచ్చు. థర్మల్ పద్ధతుల్లో ముందుచూపు ఇంత తేటగా కనిపించేది మరొకటి లేదనిపిస్తుంది.

ఎత్తైన ఆకాశంలో మాత్రం 2009 జూన్ 1న వేరే పాఠం ఎదురైంది. ఎయిర్ ఫ్రాన్స్ 447 అట్లాంటిక్ మీద ఎగురుతుండగా వేగం కొలిచే పిటో గొట్టాలు మంచు పలుకులతో కొద్దిసేపు మూసుకుపోయాయి. హీటర్లు పనిచేస్తూనే ఉన్నా పలుకుల ధాటి వాటికి మించింది. ఆటోపైలట్ తప్పుకుంది, ఆ తరవాతి గందరగోళంలో 228 మంది మరణించారు. మొదట్లో చెప్పినట్టు, రెక్కకు తగిలి ఎగిరిపోయే పలుకులే గొట్టంలో చిక్కుకుంటే ఇంత పనిచేస్తాయి. ఆ తరవాత పిటో గొట్టాలు మంచు పలుకులను కూడా తట్టుకోవాలని నిబంధనలు బిగించారు. మేఘంలో ఈ పలుకులను కొలవడమూ తేలిక కాదు. గుండ్రని తీగ మీద నుంచి అవి జారిపోతాయి కాబట్టి కింగ్ ప్రోబ్ వాటిని సరిగా లెక్కించలేదు. సోవియట్ పరిశోధకుడు నెవ్‌జోరొవ్ పేరుతో వచ్చిన ప్రోబ్‌లో తీగకు తోడుగా లోతుగా పుటం తీసిన వేడి శంకువు కూడా ఉంటుంది. పలుకులు అందులో చిక్కి కరిగి ఆవిరవుతాయి. తీగ నీటిని చూపుతుంది, శంకువు నీరూ మంచూ రెండింటినీ. రెండూ లాగిన కరెంటుల తేడాను బట్టి మేఘంలో మంచు ఎంతో తేలుతుంది.