పాటను కూర్చిన చేయి

సింగరేణి బొగ్గు త్రవ్వకము 1889లో ఇల్లెందు ప్రాంతమున ఆరంభమయ్యెను. దాని నూరేండ్ల పండుగను పేరులోనే నిలుపుకొన్న మా సెంటినరీ కాలనీలో, రాత్రి షిఫ్టు దిగి వచ్చినవారి క్వార్టర్లనుండి తెల్లవారుజామున వినవచ్చు పాటలలో సంగీతకర్త సాలూరి రాజేశ్వరరావుగారివి నేటికిని కలవు. డప్పు మ్రోతతో కార్మికగళము లేచు ఈ సీమలో అంతటి మృదుగీతమునకు చోటెట్లు దొరకెనని అడుగువారికి న్యూయార్కు నగరచరిత్రమున ఒక సమాధానము కలదు.

1970 తరువాతి దశకమున ఆ నగరపు ప్యూర్టోరికో సంతతివారి పేటలలో వెలుగొందిన సల్సా సంగీతము ట్రాంబోనుల గర్జనతోను, వీథిజీవితపు కష్టములతోను నిండినట్టిది. వైబ్రఫోను వాదకుడుగా, ఫానియా సంస్థ రికార్డులకు వాద్యసమ్మేళనములు కూర్చినవాడుగా పేరొందిన లూయీ రమీరెస్, 1982లో వెలువరించిన ‘నోచెస్ కాలియెంతెస్’ అను రికార్డునందు, స్పానిషు భాషలో అప్పటికే ప్రజలెరిగిన ప్రణయగీతములను గైకొని, రెండు కర్రముక్కలపై ఐదు దెబ్బలుగా మ్రోగు క్లావే లయను ఇసుమంతయు సడలనీయక, దానిపైనుండు వాద్యధ్వనిని మాత్రము మెత్తపరచెను. వలపుపాటకును అడుగులు కలుపవచ్చునని జనులు గ్రహించిరి. ఎడ్డీ సాంటియాగో, లాలో రోడ్రిగెస్ ప్రభృతుల కంఠములు ఆ బాటనే ఖండాంతరఖ్యాతి గాంచెను; 1993లో మరణించిన రమీరెస్ పేరు మాత్రము రికార్డు అట్ట వెనుకవైపు చదువువారికే మిగిలెను.

తెలుగునాట ఇట్టి పరిణామము అంతకు నాలుగైదు దశాబ్దములకు పూర్వమే జరిగినది. నాటకరంగమున పద్యమును పట్టి, రాగమును సాగదీసి, వన్స్ మోర్ కేకలందుకొను గాయకునికి గ్రామఫోను పళ్లెము ఒక్కొక్క ప్రక్క మూడు నిమిషములకు మించి చోటీయలేదు. ఆ సంకోచమే లలితగీతమునకు పురుడుపోసినదని నా నమ్మకము. సాలూరు సమీపమున శివరామపురమున 1922లో జన్మించి, 1935 నాటి ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రమున బాలకృష్ణుడై, కలకత్తాలో పంకజ్ మల్లిక్, సైగల్ వంటివారి గానమును దగ్గరగా ఆలకించిన రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవితో కలిసి పాడిన రికార్డులలో సంగతులను కుదించి, మాటను ముందుకు తెచ్చి, ఎదుటనున్న ఒక్క మనిషితో పలుకునట్లు పాడెను. నాటకశాల చివరివరుసకు వినిపింపవలసిన కంఠమునకు మైకు ఇచ్చిన విశ్రాంతియే ఆ మార్దవమునకు మూలము.

అయినను ఆయన తాళమును విడువలేదు. జెమినీవారి ‘చంద్రలేఖ’ (1948)లో పాశ్చాత్యవాద్యములను కదనుత్రొక్కించిన ఆ చేయియే, 1951లో దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి రచనకు ‘మల్లీశ్వరి’లో స్వరములు కూర్చునపుడు, విరహగీతముల ప్రక్కనే పల్లెపాటల నడకను నిలిపెను. బరువు లాగువాని ఊపిరికి తెలిసిన నడక క్రింద ఉండుటచేతనే, పై స్వరమెంత సుకుమారమైనను గనిసీమ శ్రోతకు పరాయిది కాలేదు. రమీరెస్ క్లావేను విడువకుండుటలోని మర్మమును ఇదియే.

‘మల్లీశ్వరి’ అనగానే భానుమతి, ఘంటసాల తలపునకు వత్తురు, అది న్యాయమే. కాని ఆ చిత్రమునకు వాద్యబృందమును తీర్చిన అద్దేపల్లి రామారావుగారిని తలచువారెందరు? పల్లవికిని చరణమునకును నడుమ గాయకుడు ఊపిరి పీల్చుకొను ఆ కొలదిక్షణములలో కథను ముందుకు నడపినది ఆ వాద్యములే.