అంతర్జాలమున అంగళ్లు: వాని పుట్టుపూర్వోత్తరములు



మన పల్లెలలో వర్తకము పలు విధములుగా సాగుచుండుట మీరెల్లరు నెరిగినదే. సొంత అంగడిలో కూర్చుండి యమ్మువాడొకడు. వారమువారము సంతకు బోయి, ఆశీలు చెల్లించి యమ్ముకొనువాడు మరియొకడు. దలారి కుదిర్చిన బేరమును బట్టి సరకు పంపువాడు వేరొకడు. ఇప్పుడు మన కుమారులును మనుమలును ‘వ్యాపారమునకు వెబ్‌సైటు పెట్టుకొందుము’ అనుచున్నారు. మాట యొక్కటియే గాని, ఆ పేరుగల వస్తువు లనేకములు. అవి యెప్పుడెట్లు పుట్టినవో తెలిసినచో, తమకేది తగునో తేల్చుకొనుట సులభము.

వెబ్‌సైటనగా ఎచ్చటనున్న కంప్యూటరునందైనను, చేతి ఫోనునందైనను తెరచి చూడదగిన పుటల కూర్పు. దానికొక పేరుండును, ఆ పేరే దాని చిరునామా. దీనికి మూలపురుషుడు ఆంగ్లేయుడగు టిమ్ బెర్నర్స్-లీ. జెనీవా నగరము చెంతనున్న సెర్న్ అను భౌతికశాస్త్ర పరిశోధనాలయమున ఆయన 1989లో ఈ యోచన చేసెను. 1991లో మొదటి వెబ్‌సైటు లోకమునకు వెల్లడియయ్యెను. అందు క్రయవిక్రయములు లేవు. ఆ పద్ధతి యెట్టిదో వివరించు పుటలు మాత్రమే యుండెను. 1993 ఏప్రిల్ 30వ తేదీన ఆ సంస్థ ఈ విద్యను రుసుము లేకుండ సర్వజనులకు విడిచిపెట్టెను. ఊరి చెరువువలె అది యందరిదయ్యెను గనుకనే నేడు చిన్న వర్తకుడును దానిని వాడుకొనగలుగుచున్నాడు.

ఆ మొదటిదాని వంశమునకు చెందినది పరిచయపు వెబ్‌సైటు. ఇది అంగడిపై పేరుపలక వంటిది. ఏమి దొరకును, ఎచ్చట దొరకును, ఏ వేళల దొరకును, ఎవరికి ఫోను చేయవలయును - ఇంతియే చెప్పును. ఇరుగుపొరుగు గ్రామములలో పనిచేయు వడ్రంగికి ఇది చాలును.

రెండవది పట్టికల వెబ్‌సైటు. మన దేశమున 1995 ఆగస్టు 15న నాటి విదేశ్ సంచార్ నిగమ్ ప్రజలకు ఇంటర్నెట్టు నందించెను. మరుసటి యేడు, 1996లో, ఇండియామార్ట్ పుట్టి, మన ఉత్పత్తిదారుల పేర్లను విదేశపు కొనుగోలుదారులకు చూపసాగెను. ఇది దలారి వంటిది. ఇరువురను కలుపును, బేరము వారే చేసికొందురు.

మూడవది సంత. 1995లో అమెరికాలో పియరీ ఒమిడ్యార్ అనునాతడు వేలపాటల వెబ్‌సైటు నొకదానిని తెరచెను. అదియే తరువాత ఈబే యయ్యెను. అందు తొలుత అమ్ముడుపోయినది చెడిపోయిన లేజరు దీపము. వెల 14 డాలర్ల 83 సెంట్లు. అది చెడినదని తెలిసియే కొన్నవాడు కొనెనట! ఎంతటి సరకునకైనను ఎచ్చటనో కొనువాడుండునని దీనివలన తేలినది. ఆ యేడే పుస్తకముల అంగడిగా తెరువబడిన అమెజాన్, 2000లో ఇతర వర్తకులకును చోటిచ్చి తానును సంతయయ్యెను. 2007లో బెంగుళూరున పుట్టిన ఫ్లిప్‌కార్టు నడచిన త్రోవయు నిదియే. సంతలో జనము సిద్ధముగా నుందురు. కాని దస్తూరి వారు చెప్పినంత. నియమము వారు పెట్టినది. కొనువారి పేర్ల చిట్టా వారి చేతిలోనిది.

నాలుగవది సొంత అంగడి. 2004లో కెనడా దేశమున టోబియాస్ లూట్కే మంచుపై జారెడు పలకల నమ్మదలచి, తగిన సాధనము దొరకక, వెబ్‌సైటును తానే నిర్మించుకొనెను. పలకలకన్న ఆ సాధనమే విలువైనదని గ్రహించి, 2006లో దానిని షాపిఫై పేర ఇతరులకు బాడుగకిచ్చెను. ఇట్టి యంగడిలో లెక్క మనది, కొనువారి చిట్టా మనది. కాని జనమును రప్పించుకొను భారమును మనదే.

ఇవి గాక, 2021 డిసెంబరు 31న మన ప్రభుత్వ ప్రోత్సాహమున ఓఎన్‌డీసీ యనునది యేర్పడినది. ఇది అంగడియు గాదు, సంతయు గాదు. వేర్వేరు యాపులలోనున్న అమ్ముకొనువారిని, కొనువారిని కలుపు రాజమార్గము వంటిది.

నా పూర్వశిష్యుడొకడు నేతగాడు. చక్కని వెబ్‌సైటు పెట్టించుకొని, దాని పేరును ప్రతి చీర పెట్టెపైనను అచ్చువేయించెను. నిర్మించిన వ్యక్తి ఆ పేరును తన పేరనే నమోదు చేసికొనెను. ఇరువురకు చెడిన నాడు చిరునామా చేజారినది. పాత కొనుగోలుదారులు వెదకి వెదకి విసిగిరి. మగ్గము తనది, పనితనము తనది. గుమ్మము మాత్రము పరునిదయ్యెను.

కావున పెద్దలారా, మీ యింట ఈ ప్రస్తావన వచ్చినపుడు మూడు ప్రశ్నలడుగుడు. చిరునామా యెవరి పేర నమోదైనది? దాని గడువు ముగియకముందే రుసుము కట్టువారెవరు? కొనువారి చిట్టా యెవరియొద్ద నుండును? ఆరంభమున సంతలో నమ్ముకొనుట తప్పుగాదు. కాని సొంత పేరుతో చిన్న పేరుపలక వెబ్‌సైటైనను నుంచుకొనుట మేలు. ఆశీలు పెరిగిననాడు, చోటు పోయిననాడు, మిమ్ము వెదకుకొని వచ్చువారికి అదియొక్కటియే దారి చూపును.