‘మేము’లో మా పల్లె

రాజ్యాంగ పీఠికలో మాట్లాడేది రాజు కాదు, దేవుడు కాదు, బ్రిటిష్ పార్లమెంటు కాదు. ప్రజలు. ‘మేము’ అని వాళ్ళే అంటారు. ఆ ‘మేము’లోకి మా పల్లె ఎప్పుడు చేరింది, ఎంతమేరకు చేరింది అన్నదే నా లెక్క.

రాజ్యాంగ సభని జనం నేరుగా ఎన్నుకోలేదు. 1946లో రాష్ట్రాల శాసనసభలు ఎన్నుకున్నాయి. ఆ శాసనసభలకి ఓటేసింది 1935 చట్టం కింద ఆస్తో, పన్నో, చదువో ఉన్నవాళ్ళు. నూజివీడు జమీలో మామిడితోటలు కాపలా కాసి, చిక్కంతో కాయ దింపి, వరిగడ్డిలో మాగేసిన మా తాతకి ఈ మూడూ లేవు. చెట్టు కింద నిలబడి ఏ కొమ్మ రసాలు ఎప్పుడు దింపాలో చెప్పగలడు. అది చదువు కింద జమ కాలేదు.

1949 అక్టోబరు 17న పీఠిక చర్చకొచ్చింది. సార్వభౌమాధికారం ప్రజలదేనని విడమరిచి రాయాలని పూర్ణిమా బెనర్జీ సవరణ తెచ్చారు. ఉన్న మాటల్లోనే అది ఉందన్నారు అంబేడ్కర్. దేవుడి పేరు ముందు పెట్టాలన్న కామత్ సవరణ 41–68తో ఓడిపోయింది.

నన్ను ఎక్కువ పట్టుకునేది అంతకు రెండేళ్ళ ముందటి సంగతి. 1932లో పూనా ఒప్పందంతో మనకి ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి. సీటు మనది, ఓటు ఊరంతటిదీ. 1947 ఆగస్టు 28న మద్రాసు రాష్ట్రం తరఫున వెళ్ళిన ఎస్. నాగప్ప, మన రాయలసీమ దళితుడు, సభలో ఒక సవరణ పెట్టాడు. రిజర్వుడు సీటులో గెలిచేవాడికి షెడ్యూల్డు కులాల ఓట్లలో నూటికి 35 అయినా రావాలని. మా ప్రతినిధిని ముందు మేం ఒప్పుకోవాలి గదా! పటేల్ వ్యతిరేకించారు. నాగప్ప వెనక్కి తీసుకున్నాడు. ప్రజలే ప్రభువులన్న సభలోనే ‘ఏ ప్రజలు?’ అని అడిగిన మాటగా నేను దాన్ని చదువుతాను. మన పాఠ్యపుస్తకాలకి ఆ పేరే తెలీదు.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. రైతులకి పట్టాలొచ్చాయి, జమీందార్లకి సొంత కమతాలు మిగిలాయి. కూలికి ఏం మిగల్లేదు.

1952లో మాత్రం తాతకి ఓటొచ్చింది. అప్పట్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దానిమీద గుర్తు. “కాయితం నా చేత్తోనే యేశాన్రా, పక్కన ఎవడూ లేడు” అని చచ్చేదాకా చెప్పుకున్నాడు. సాయంత్రం తోట ఆసామి మనిషొచ్చి, ఏ పెట్టెలో వేశావురా అన్నాడట. “లోపల చీకటి బాబయ్యా, బొమ్మ అవుపళ్ళా” అన్నాడు తాత. ఆ ఏడు కాపలా వేరేవాడికిచ్చారు.

జమీ వంశంలోని ఎం.ఆర్. అప్పారావు తర్వాత ఇదే నూజివీడు నుంచి శాసనసభకి గెలిచారు, మంత్రీ అయ్యారు. జమీ ఓటుపెట్టె దారిన తిరిగొచ్చిందంటారు కొందరు. నేనంత తేలిగ్గా అనను. తాతలనాటి హక్కుతో ఏలడం వేరు, పల్లెకొచ్చి అడిగి ఏలడం వేరు.

2022లో నూజివీడు కృష్ణాజిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి పోయింది. తోటల్లో మా ఇంటివాళ్ళకి ఉన్నది కాపలా గుడిసె. కాయ దిగాక అదీ పీకేస్తారు.