ఫైబర్ నెట్ ఆగిందా? రీసెట్ నొక్కే ముందు రూటర్‌పై ఈ లైట్లు చూడండి

గోదావరి జిల్లాల్లో గట్టి గాలివాన వచ్చిందంటే కరెంటుతో పాటు నెట్ కూడా పోతుంది. కాసేపటికి కరెంటు వస్తుంది, నెట్ మాత్రం రాదు. వెంటనే చాలామంది రూటర్ వెనకున్న చిన్న రంధ్రంలో పిన్ను పెట్టి రీసెట్ నొక్కేస్తారు. దాంతో ఉన్న సమస్య పోకపోగా కొత్తది వచ్చి పడుతుంది. తేడా ఇంట్లో ఉందా, బయట లైన్లో ఉందా అన్నది రూటర్ మీది లైట్లే చెప్పేస్తాయి. అదెలాగో చూద్దాం.

స్తంభాల మీదే కేబుల్

ఏపీ ఫైబర్‌నెట్ తొలి అడుగులు పడింది కోనసీమలోనే. సఖినేటిపల్లి మండలం మోరి, మోరిపోడు గ్రామాల్లో 2016 డిసెంబరులో ఇంటింటికీ ఫైబర్ కనెక్షన్లు ప్రారంభించారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ ప్రాజెక్టును జాతికి అంకితం చేశారు. ఖర్చు తగ్గేలా భూమి తవ్వకుండా, ఎక్కువగా కరెంటు స్తంభాల మీదుగానే కేబుల్ లాగారు. అందుకే కొబ్బరి మట్ట పడినా, స్తంభం ఒరిగినా లైను దెబ్బతింటుంది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలోనే తీరం దాటింది. అలాంటి గాలులకు ముందు దెబ్బతినేది స్తంభాలు, వాటి మీది తీగలే.

ఏ లైటు ఏం చెబుతుంది?

పవర్: వెలగకపోతే ప్లగ్గు, అడాప్టర్ చూడాలి. వేరే అడాప్టర్ పెట్టాల్సి వస్తే బాక్సు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు సరిపోతేనే పెట్టాలి.

పాన్: కదలకుండా పచ్చగా వెలిగితే ఆపరేటర్ కేంద్రంతో లైను కలిసినట్టే. మినుకుమినుకుమంటుంటే కలవడానికి ప్రయత్నిస్తోందని అర్థం.

ఎల్‌ఓఎస్: మామూలుగా ఇది ఆరిపోయే ఉంటుంది. ఎర్రగా మెరుస్తోందంటే ఫైబర్‌లో కాంతి సిగ్నల్ బాక్సు దాకా రావడం లేదు.

ఇంటర్నెట్: పాన్ బాగానే ఉండి ఇది వెలగకపోతే లైను తప్పు కాదు. ప్లాన్ గడువు అయిపోయిందేమో చూసుకోండి. లాగిన్ వివరాలు చెరిగిపోయినా, ఆపరేటర్ సర్వర్‌లో ఇబ్బంది ఉన్నా ఇలాగే కనిపిస్తుంది.

ఎర్ర లైటు వెలిగితే..

బాక్సు వెనక సన్నటి ఫైబర్ తీగ ఎక్కడైనా మడత పడిందా, సోఫా కింద నలిగిందా, ఎలుకలు కొరికాయా చూడండి. లోపల ఉన్నది గాజు పోగు, కాస్త గట్టిగా వంగినా సిగ్నల్ పడిపోతుంది. కనెక్టర్ వదులుగా ఉంటే మెల్లగా లోపలికి నొక్కండి. దాన్ని ఊడదీసి కొన వైపు మాత్రం చూడొద్దు. అందులో వచ్చే లేజర్ కంటికి కనిపించదు, కానీ కంటికి ప్రమాదమే.

తర్వాత పక్కింటి వాళ్లను అడగండి. ఒక ఫైబర్‌ను స్ప్లిటర్‌తో పంచి సాధారణంగా 32 లేదా 64 ఇళ్ల వరకు ఇస్తారు. అదే ఆపరేటర్ కనెక్షన్ ఉన్న వీధంతా ఆగితే మెయిన్ లైన్లో తేడా. మీ ఒక్క ఇంటికే ఆగితే స్తంభం నుంచి మీ ఇంటికొచ్చే తీగను అనుమానించాలి.

రీస్టార్ట్ వేరు, రీసెట్ వేరు

స్విచ్ ఆపి, అర నిమిషం ఆగి, మళ్లీ వేస్తే అది రీస్టార్ట్. దీనివల్ల నష్టం లేదు. ఐదు నిమిషాలు ఆగి లైట్లు చూడండి. రీసెట్ నొక్కి పట్టుకుంటే మాత్రం ఆపరేటర్ పెట్టిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఇతర సెట్టింగులు చెరిగిపోవచ్చు. ఆ తర్వాత లైను బాగుపడినా, టెక్నీషియన్ వచ్చి సెట్ చేసేదాకా నెట్ రాకపోవచ్చు.

నెట్ వస్తోంది కానీ స్లోనా?

ల్యాప్‌టాప్‌కు నేరుగా కేబుల్ పెట్టి చూడండి. అప్పుడు స్పీడ్ సరిగా ఉంటే తేడా వైఫైలో ఉన్నట్టు. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటితే తగ్గిపోతుంది. దూరపు గదులకు 2.4 గిగాహెర్ట్జ్ నయం. రూటర్‌ను బీరువాలో, టీవీ వెనక పెట్టొద్దు.

తెగిన తీగను ముట్టుకోవద్దు

ఫైబర్‌లో కరెంటు ఉండదన్నది నిజమే. కానీ చాలా కేబుళ్లకు ఆసరాగా ఇనుప తీగ ఉంటుంది. స్తంభం మీది కరెంటు తీగ దానికి తగిలితే ప్రాణాలకే ముప్పు. కింద పడిన తీగ ఏదైనా, నేల తడిగా ఉన్నా లేకపోయినా దూరంగా ఉండి 1912కు ఫోన్ చేయండి.

ఫిర్యాదు ఇలా చేయండి

‘నెట్ రావట్లేదు’ అని ఊరుకోకుండా ఏ లైటు ఎలా ఉందో, ఎప్పట్నుంచో, పక్కిళ్లలో వస్తోందో లేదో చెప్పండి. అలా చెబితే టెక్నీషియన్ తగిన సామానుతో వస్తాడు. కంపెనీ కస్టమర్ కేర్‌కు చేసిన ఫిర్యాదుకు డాకెట్ నంబరు తప్పకుండా తీసుకోండి. అక్కడ పరిష్కారం కాకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి వెళ్లవచ్చు.

రిపేరు అయ్యాక మీటర్‌లో రీడింగ్ ఎంతో అడగండి. ఇళ్లకొచ్చే ఫైబర్‌కు మైనస్ 15 నుంచి మైనస్ 25 డీబీఎం మధ్య ఉంటే లైను బాగున్నట్టు. మైనస్ 27 దాటితే నెట్ మళ్లీ మళ్లీ ఆగే అవకాశం ఉంది. అలాంటప్పుడు జాయింట్ మళ్లీ వేయమని అక్కడే అడగడం మంచిది.